ఖాళీగా కనిపించే సీసా

“మనుషులకు వాడరాదని సీసా మీదనే అచ్చేసినారు కదరా. చదువుకున్నోడివి, కండ్లు యాడ పెట్టుకున్న్యావు?”

ఇన్స్పెక్టర్ పురుషోత్తం ఈ ప్రశ్న వేయడం ఇది మొదటిసారి కాదని శుభాకర్ ముఖమే చెబుతోంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కింది పెదవి చిట్లి నెత్తురు గడ్డకట్టింది. వంకమీదపల్లె పోలీసు అవుట్‌పోస్టులో, తుపాకులు పెట్టే చెక్క పెట్టెకు వీపు ఆనించి, నేల మీద కూర్చున్నాడతను.

దయానందం కుర్చీ లాక్కుని అతని ఎదుట కూర్చున్నాడు. అతను సి.ఐ.డి. ఇన్స్పెక్టరు. మరో కేసులో సాక్ష్యం చెప్పడానికి పులివెందుల కోర్టుకు వెళ్లి, పైనుంచి ఫోను రావడంతో అక్కడినుంచి నేరుగా ఇక్కడికి వచ్చాడు. దారి పొడవునా ఒకే విషయం అతన్ని వదల్లేదు. ఈ శుభాకర్ తల్లి సారమ్మ, తన తల్లి, జమ్మలమడుగులో ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చుని పాడినవాళ్లు. శుభాకర్ నిర్దోషి కావాలని తను కోరుకుంటున్నాడు. కోరుకుంటున్నట్టు తెలుసు గనుక ఆ కోరికను పక్కన పెట్టి చూడగలనని నమ్ముతున్నాడు. ఆ నమ్మకం కూడా ఆ కోరిక వేసిన కొత్త వేషమేనేమో.

జరిగింది ఇది. నిన్న పొద్దున ఈ ఊళ్లో చెన్నకేశవులు చనిపోయాడు. చుట్టుపక్కల పల్లెలకు ఆయన మాటే చట్టం. ఈ ప్రాంతంలో పార్టీ ఎవరికి టికెట్టు ఇవ్వాలన్నా ముందు ఆయన గుమ్మం తొక్కేది. నాటుబాంబు పెంకు దిగిన కుడికాలు, చక్కెర జబ్బు వల్ల ఏడాదైనా మానలేదు. మోకాలి కింద తీసేయడం తప్ప దారి లేదని డాక్టర్లు చెప్పారు. ఆ గాయానికి శుభాకర్ బెంగుళూరులో తను పనిచేసే ల్యాబు నుంచి ఒక మందు తెచ్చాడు. నర్సుగా పనిచేసి మానుకున్న సారమ్మ రోజూ పొద్దున ఆ మందు వేసి కట్టు కడుతూ వచ్చింది. నిన్న కట్టు ముడి పడకముందే ఆయనకు ఊపిరి ఆగిపోయింది. శవపరీక్ష చేసిన డాక్టరు, రాతపూర్వకంగా కాకపోయినా, సయనైడ్ అని నోటిమాటగా చెప్పాడు.

“మనుషులకు వాడరాదంటే ఏమిటి అర్థం?” అని దయానందం అడిగాడు.

శుభాకర్ తెరుచుకున్న ఒక్క కన్నూ ఎత్తాడు. “విషమని కాదు సార్. దానికి ఎవరూ పూచీ పడలేదని. ల్యాబులో గాజుపళ్లేల్లో కణాలు పెంచుతాం. వాటి మీద వేసి చూడ్డానికి చేసింది. మనిషి మీద వేస్తే ఏమైతుందో తేల్చినోళ్లు లేరని అర్థం.”

“తెలిసీ తెచ్చావు.”

“పెద్దాయన తెమ్మన్నాడు. మాయమ్మ ఇల్లు ఈ ఊర్లోనే ఉంది సార్.”

ఆ రెండో వాక్యం తర్వాత దయానందానికి ఇంక కారణం అడగాలనిపించలేదు. మందు సంగతి మాత్రం ఓపిగ్గా చెప్పించుకున్నాడు. దాన్ని గ్రోత్ ఫ్యాక్టర్ అంటారట. మనిషి ఒంట్లోనే పుట్టే ప్రొటీను. తెగినచోట చర్మాన్ని మళ్లీ పెరగమని చెప్పేది అదే. ఆ ప్రొటీను తయారీకి కావలసిన మానవ జన్యువును బాక్టీరియాలో పెట్టి, దానిచేత చేయించి, శుద్ధి చేసి, ఆరబెట్టి సీసాల్లో నింపుతారు. సీసాకు పట్టే మందు ఉప్పురవ్వంత బరువు కూడా ఉండదు. ల్యాబులో తారీఖు దాటి పారేయాల్సిన పెట్టెను శుభాకర్ ఎవరికీ చెప్పకుండా తెచ్చాడు. అది తప్పేనని అతనే అన్నాడు. గాయం మాత్రం మానడం మొదలుపెట్టిందని, అంచుల్లో గులాబీ రంగు చర్మం లోపలికి పాకుతూ వచ్చిందని చెబుతున్నప్పుడు, ఆ చితికిన ముఖం మీద క్షణకాలం ఒక పనివాడి సంతృప్తి కనిపించింది.

పురుషోత్తం గోడ గడియారం చూశాడు. ఎన్నికల బందోబస్తు పేరుతో పార్టీ ఏరికోరి ఇక్కడ వేయించుకున్న మనిషి అతను. “శవం లేచినంక వీణ్ణి ప్రొద్దుటూరు కోర్టుకు తీసకపోతా. అవతలి పార్టీవాళ్ల దుడ్లు తిని చేసినాడని రిమాండులో రాసినా. ఊరంతా రగిలిపోతాంది దయానందం గారూ. దారిలో జనం అడ్డమొస్తే ఉన్న నలుగురు కానిస్టేబుళ్లతో నేనేం జేస్తా?”

శుభాకర్ తల వంచుకున్నాడు. ప్రొద్దుటూరు చేరనన్న సంగతి అతనికి అర్థమైంది. అర్థం కావాలనే పురుషోత్తం అతని ముందే ఆ మాట అన్నాడు.

బయట వరండాలో సారమ్మ గోడవారగా కూర్చుని ఉంది. ఏడవడం లేదు. దయానందాన్ని చూసి లేవబోతే వారించి, నిన్న కట్టు కట్టిన క్రమం చెప్పమన్నాడు. పాత కట్టు విప్పడం, వంటింట్లోంచి వచ్చిన ఉప్పు వేసి కాచిన నీళ్లతో గాయం కడగడం, అద్దడం, సీసాలో సెలైను పోసి మందు కరిగించి బొట్లుబొట్లుగా వేయడం. రోజూ చేసిందే చేశానంది. తేడా ఏమైనా ఉందా అంటే కాసేపు ఆలోచించింది.

“నీళ్లు పోస్తాంటే మంట అన్న్యాడు నాయనా. ఎప్పుడూ అనని మనిషి. నాకూ తొడుగులేసుకున్న చెయ్యి జారినట్టుండె, సబ్బునీళ్ల మాదిరి. ఆ మాటే ఈ సారుకు చెప్తే, నిన్ను నీళ్ల సంగతి ఎవురడిగినారు, మందు సంగతి చెప్పు అన్న్యాడు.”

*

చెన్నకేశవులు ఇంటి వాకిలి మనుషులతో నిండి ఉంది. మాటల్లేవు. ఏ ఊరినుంచి ఎంతమంది వచ్చిందీ లెక్క చూసుకుంటున్న మౌనం అది. నడవలో శవం, చుట్టూ ఆడవాళ్లు. శవం లేచేదాకా పొయ్యి ముట్టించరాదు, గిన్నె తోమరాదు. ఇల్లు ఎక్కడిదక్కడ ఆగిపోయి ఉంది. చెన్నకేశవులు తమ్ముడు నారాయణ గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ల నమస్కారాలు అందుకుంటున్నాడు. నిన్నటిదాకా అన్న వెనక నిలబడ్డ మనిషి. ఈరోజు టికెట్టు అతనిదే. నిన్న పొద్దున అతను పులివెందులలో ఒక పెళ్లిలో ఉన్నాడు. ఆ సంగతి దయానందం అక్కడే విచారించి వచ్చాడు. అన్న గదిలోకి అతను అడుగుపెట్టి నెలలు దాటిందని కూడా విన్నాడు. మంచాన పడ్డ నాయకుణ్ణి అతని తర్వాతివాడు చూడకూడదని ఆ ఇంట్లో పట్టింపు.

గది తాళం పురుషోత్తమే తీశాడు. మంచం, దాని పక్కన బల్ల, బల్ల మీద దూది, గుడ్డపట్టీలు, సగం వాడిన సెలైను సీసా. మంచం కింద రాగిచెంబు, ప్లాస్టిక్ తొట్టి. మూలన చిన్న ఫ్రిజ్. దయానందం గుమ్మంలోనే ఆగి, ఒక్కొక్కదాన్నీ కళ్లతో ముట్టుకుంటూ వచ్చాడు.

“ఈ చెత్తబుట్టలోనే దొరికింది.” పురుషోత్తం జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. లోపల చిటికెనవేలు సగమంత సీసా. గోడలకు, మూతి అంచుకు తెల్లటి పొడి అంటుకుని ఉంది.

దయానందం దాన్ని వెలుతురుకు పట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. ఫ్రిజ్ తెరిచి, మంచుపెట్టెలోంచి సీసాల డబ్బా తీశాడు. మూతకు వేసిన రేకు చెదరని సీసా ఒకటి ఎంచి అదే వెలుతురుకు పట్టాడు. తలకిందులు చేశాడు. వేలితో తట్టాడు. అందులో ఏమీ లేదు. ఇంకొకటి చూశాడు. అందులోనూ ఏమీ లేదు.

పురుషోత్తం పగలబడి నవ్వబోయి, శవం ఉన్న ఇల్లని గుర్తొచ్చి ఆపుకున్నాడు. “ఖాళీ సీసాలు తెచ్చి పెద్దాయన చెవిలో పువ్వు పెట్టినాడా? వీడు నేననుకున్నదానికంటే గట్టోడే.”

“ఖాళీవి కావు. ఉప్పురవ్వంత కూడా లేని మందు ఆరిపోతే గాజుకు పొరలా అంటుకుపోతుంది. కంటికి ఆనదు. ఈ మందు సీసా ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.” దయానందం డబ్బా లోపల పెట్టి ఫ్రిజ్ మూశాడు. “ఈ గదిలో రోజూ పొద్దున నిలబడినవాళ్లందరికీ అది తెలుసు. మీ సీసాలో పొడి పోసినవాడికి తెలియదు. మందు సీసా అంటే లోపల మందు కనబడాలని అనుకున్నాడు.”

“విషం కలిపింది ఒక్కదాంట్లోనే. అందుకే దాంట్లో కనపడింది.”

“అయితే సారమ్మ కంట పడేది. కొడుకు చేత విషం తెప్పించిన మనిషి, అది నలుగురికీ కనిపించేలా పట్టుకుని వేస్తుందా?”

గుమ్మం దగ్గర చిన్న కదలిక. చెన్నకేశవులు వెన్నంటి ఇరవై ఏళ్లు తిరిగిన షరీఫ్ అక్కడ నిలబడి ఉన్నాడు. నెరిసిన గడ్డం, నిద్రలేని కళ్లు. దయానందం చూపు అతని ఎడమ ముంజేతి మీద ఆగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా సన్నని గీతలు, ఒకదాని పక్కన ఒకటి. కిందివి తెల్లబడ్డాయి. అన్నిటికంటే పైదాని మీద ఇంకా పొక్కు ఉంది.

“ఏమిటవి షరీఫ్?”

“మందు సార్.” షరీఫ్ చెయ్యి దాచుకోలేదు. “గేటు దాటి లోపలికొచ్చేదేదైనా ముందు నా ఒంటి మీద పడల్ల. నీళ్లైతే నేను తాగినంకనే అన్న తాగేది. ఇది పుండు మీద ఏసేది కదా. అందుకని బ్లేడుతో గీసుకోని ఒక బొట్టు ఏసుకునేవాణ్ణి. నా చెయ్యి సూసినంకనే సారమ్మ అన్నకు ఏసేది.”

“నిన్న కూడా?”

“నిన్న కూడా. ఇదో, ఇదే.”

పొక్కు చుట్టూ చర్మం శుభ్రంగా ఉంది. ఎరుపు లేదు, వాపు లేదు. ఆ ముంజేతి మీద ప్రతి ఉదయం దాని వరుసలో నిలిచి ఉంది. ఒక మనిషి మరో మనిషి చావును ముందుగా తన ఒంటి మీద పరీక్షించుకోవడాన్ని విశ్వాసమనాలో ఇంకేమనాలో దయానందానికి తోచలేదు. ఆ చేతిని చూస్తూ అడిగాడు: “పరీక్ష చేసిన సీసాను ఏం చేస్తావు?”

షరీఫ్ పురుషోత్తం వైపు ఒకసారి, నడవ వైపు ఒకసారి చూశాడు. చివరికి నడుము దగ్గర పంచె మడతలోకి వేళ్లు పోనిచ్చి, గుడ్డముక్కలో చుట్టిన చిన్న సీసా తీశాడు.

“మళ్లా కట్టు కట్టేదాకా నా దగ్గరే ఉంటాది. అన్నకు ఏమన్నా ఐతే, నేను సూసింది ఇదేనని చూపియ్యల్ల కదా సార్. మా నాయన కూడా అన్నోళ్ల నాయన దగ్గర ఇట్లనే చేసినాడంట.”

నిన్న వాడిన సీసా అది. గాజు అద్దంలా తేటగా ఉంది. అడుగున మిగిలిన సెలైను తడి కూడా ఆరిపోయింది.

పురుషోత్తం తన చేతిలోని కవరును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నిన్న రెండు సీసాలు వాడినారేమో,” అన్నాడు.

“గీత ఒక్కటే ఉంది.”

“అట్లా గీతలు చూపిచ్చి మేజిస్ట్రేటును నమ్మిస్తారా?” అతని గొంతు తగ్గింది; తగ్గినప్పుడే అది ప్రమాదమని దయానందానికి తెలుసు. “మీ చర్చి పిల్లోడనే కదా ఇంత తాపత్రయం? పైవాళ్లకు నేనూ ఫోను చేయగల్ను.”

“మా చర్చి మనిషే. అందుకే ప్రతిదీ రెండుసార్లు చూశాను. సయనైడ్ మాట డాక్టరు నోట విన్నాక మీరు ఈ డబ్బాలోంచి ఒక సీసా తీసి, ప్రొద్దుటూరు కంసాలుల దగ్గర దొరికే పొడి తెప్పించి పోశారు. మీ కోసమా, నారాయణ కోసమా అన్నది తర్వాత తేలుతుంది.”

పురుషోత్తం టోపీ సర్దుకుని, శవానికి నమస్కారం చేసి, వాకిలి దాటి వెళ్లిపోయాడు. అతని వైర్‌లెస్‌లో గరగరమన్న చప్పుడు గోడ అవతలినుంచి కొంతసేపు వినిపించింది.

*

గెలిచినట్టు దయానందానికి అనిపించలేదు. దొంగ సీసా అబద్ధమని తేలింది. చావు మాత్రం అబద్ధం కాదు. మందులో విషం లేదు. సెలైనులో లేదు, అది కూడా షరీఫ్ చేతి మీద పడిందే. ఆ గాయాన్ని తాకినవాటిలో షరీఫ్ ఒంటి మీద పడనిది ఒక్కటే ఉంది.

అతను వంగి మంచం కింది రాగిచెంబును పైకి తీశాడు.

వెలుపల అది మసిబారి, ఏళ్లుగా వాడిన నలుపు తేలి ఉంది. లోపలికి చూశాడు. మూతి దగ్గర అదే నలుపు. మెడ దిగువన, గీత గీసినట్టు ఒక హద్దు. ఆ హద్దు కిందంతా రాగి కొత్త నాణెంలా మెరుస్తోంది. చింతపండుతో తోమితే మెరుపు అంచుల దాకా ఉంటుంది, చేతిగీతలు పడతాయి. ఇది ఎవరూ తోమిన మెరుపు కాదు. నీళ్లు నిలిచిన మేర మాత్రమే వచ్చిన మెరుపు. ప్రొద్దుటూరులో ఒక కంసాలి ఆత్మహత్య కేసులో అతను ఇలాంటి గిన్నె చూశాడు. నల్లబడ్డ నగను సయనైడ్ కలిపిన నీళ్లలో ముంచితే ఎందుకు మెరిసి వస్తుందో అక్కడి పనివాళ్లే చెప్పారు. ఆ నీళ్లు చేతికి సబ్బులా జారుతాయి.

ఏ మామూలు రోజైనా ఈ చెంబు పొద్దెక్కేసరికి తోమేసి ఉండేది.

“నీళ్లను నువ్వు పరీక్షించవా షరీఫ్?”

“గేటు దాటి వచ్చేవే సార్ నేను చూసేది.” షరీఫ్ చెంబు వైపు చూడలేదు. నిన్నటినుంచీ చూడకుండా ఉండడానికే అతను ఆ గుమ్మంలో నిలబడ్డాడని దయానందానికి అప్పుడు తెలిసింది. “లోపల కాచిన నీళ్లను రుచి చూస్తే యశోదక్కను అనుమానించినట్టు కాదా? ఆమె పెట్టిన కూడు తిని బతికినోణ్ణి.”

బయటినుంచి వచ్చే చావు కోసం ఈ ఇంటి చుట్టూ గోడ, గోడకు గేటు, గేటుకు మనుషులు, చివరగా ఒక ముంజేయి. లోపలి గుమ్మానికి మాత్రం కాపలా లేదు.

దయానందం కబురు పెట్టనక్కర లేకపోయింది. చెన్నకేశవులు భార్య యశోదమ్మ తనే లేచి ఆ గదిలోకి వచ్చింది. అతని చేతిలో చెంబు చూసింది. షరీఫ్‌ను బయట నిలబడమని సైగ చేసి, తలుపు దగ్గరగా వేసింది. మంచం మీద కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

“ఆ పిల్లోణ్ణి కొట్టినారంట కదా,” అంది.

“అవునమ్మా.”

“అట్లయితాదని అనుకోల్యా. చక్కెర జబ్బు మనిషి, గుండె ఆగిపాయె అంటారనుకుంటి. సారమ్మకు గానీ ఆమె కొడుక్కు గానీ ఏమీ కాదనుకుంటి.”

ఆమె చెప్పింది తక్కువ. దయానందం మధ్యలో అడిగింది ఇంకా తక్కువ. పెద్దకొడుకు రాఘవను మూడేళ్ల కింద అవతలి వర్గంవాళ్లు బాంబులేసి చంపారు. శవంగా చూపించడానికి చాలినంత మిగల్లేదు. ఆ నెలలోనే ఆమె ప్రొద్దుటూరులో తన తాళి చేసిన ఆచారి దగ్గరికి వెళ్లి, పాత నగలు మెరుగు పెట్టుకుంటానని చెప్పి ఆ సయనైడ్ పలుకు అడిగి తెచ్చుకుంది. తన కోసమే తెచ్చుకుంది. చిన్నకొడుకు ఒకడున్నాడని ఆగింది. తర్వాత భర్త కాలికి బాంబు దెబ్బ తగిలింది. దాన్ని తీసేయాలని డాక్టరు చెప్పినప్పుడు, ఆ ఇంట్లో మొదటిసారి తనకు నిద్ర పట్టిందని చెప్పింది. జీపెక్కలేని మనిషి వెనక ఎవరూ నడవరు; చిన్నవాడు తిరుపతి హాస్టల్లో తన చదువు తను చదువుకుంటాడు.

“అప్పుడు ఆ మందు వచ్చె,” అంది యశోదమ్మ. “అది పని చేసింది సార్. అందరూ చేయలేదంటాండారు గానీ, అది శానా బాగా పని చేసింది. రోజూ కట్టు విప్పుతానే నేనే చూస్తాంటి. పుండు కొంచెం కొంచెం చిన్నదైతాంటే ఆయన మొగంలో ఎలుగు. నేల మీద కాలు పెట్టిన రోజే రాఘవ నెత్తురుకు లెక్క తేలుస్తా, పక్కన చిన్నోడు ఉండల్ల అన్న్యాడు. వాణ్ణి రమ్మని ఫోను చేయించినాడు. ఈ శుక్రవారం వస్తాండాడు.”

చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. కన్నీళ్లు లేవు, అలవాటుగా తుడుచుకుంది.

“పుండు మానకపోయింటే నేను ఈ పని చేసుండను.”

ఒకరు మాన్పడానికి తెచ్చినది మరొకరికి చంపడానికి కారణమైంది. నేరం ఎక్కడ మొదలైందని వెనక్కి నడుస్తూ పోతే, ఈ చెంబు దాటి, బాంబు దాటి, ఎక్కడ ఆగాలో చట్టం చెబుతుంది. ఎందుకు అక్కడే ఆగాలో చెప్పదు. దయానందం చట్టం మనిషి. ఆగాల్సిన చోట ఆగాడు. శవం లేచాక, వాకిలి ఖాళీ అయ్యాక, తనతో జమ్మలమడుగుకు రమ్మని, అక్కడ మేజిస్ట్రేటు ఎదుట ఈ మాటే చెప్పమని అడిగాడు. వాకిట్లో జనం ఉండగా ఈ సంగతి బయటపడితే తను ఆమెను కాపాడలేడు. ఆమె ఒప్పుకుంది.

అతను అవుట్‌పోస్టుకు ఫోను చేశాడు. శుభాకర్‌ను సాయంత్రం దాకా అక్కడే ఉంచమని చెప్పడానికి.

ఎత్తింది కానిస్టేబులు. “పురుషోత్తం సారు వైర్‌లెస్‌లో చెప్పినారు సార్. ఇప్పుడే జీపులో ఎక్కిచ్చి పంపించినాం.”

“ఏ దారిన?”

“చిలమకూరు మీద సార్.”

వంకమీదపల్లె నుంచి ప్రొద్దుటూరు పోవడానికి చిలమకూరు మీదుగా వెళ్లాల్సిన పని లేదు. అటు చుట్టుతిరుగుడు. ఆ రోడ్డు మీద సిమెంటు లారీలు తప్ప ఈ వేళ మనుషులుండరు. ఉంటే, ఉండమని చెప్పగా ఉన్నవాళ్లే ఉంటారు. దయానందం ప్రొద్దుటూరుకు ఫోను చేసి ఎదురుగా ఒక జీపు పంపమని అడిగాడు. పంపుతామన్నారు. పంపేసరికి పట్టే సమయం అతనికి తెలుసు.

“పిల్లోణ్ణి తీసకపోయినారా?” యశోదమ్మ అడిగింది.

దాచడానికి అతనికి మనసొప్పలేదు. దారి పేరు చెప్పాడు.

“ఆడ కాచుకున్నోళ్లు ఎవురు?”

“మీ మరిదికే తెలియాలి.”

ఆమె తలుపు తీసింది. ఆమె చేయబోయేది దయానందానికి అర్థమై అడ్డు రాబోయాడు. ఆమె అప్పటికే నడవ దాటి, భర్త కాళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, వాకిట్లోకి దిగింది. నిన్ననే విధవైన మనిషి గడప దాటి మగవాళ్ల మధ్యకు రావడంతో జనం తమంతట తామే దారి ఇచ్చారు.

“నారాయణా,” అంది. గొంతు పెంచలేదు. “చిలమకూరు దోవలో కూచోబెట్టిన మనుషులను లెయ్యమని చెప్పు. సారమ్మ కొడుక్కు ఏ పాపమూ ఎరికలేదు. మీ అన్నకు నీళ్లలో విషం కలిపింది నేను.”

వాకిలి మొత్తం ఆమె వైపు తిరిగింది. నారాయణ ముఖంలో మొదట కనిపించింది కోపం కాదు, లెక్క. అవతలి పార్టీ మీద మోపిన కేసు, టికెట్టు, ఊరేగింపు, అన్నీ ఒక్కొక్కటిగా అతని కళ్ల వెనక కూలడం దయానందం చూశాడు.

“వదినా, నువ్వు దుఃఖంలో ఏందేందో మాట్లాడతాండావు. లోపలికి పో.”

“చెంబు ఆ సారు చేతిలోనే ఉంది. పిల్లోణ్ణి చంపితే అది రెండో చావు. నీకు అది కూడా నా లెక్కలో వేయల్లని ఉందా? ఫోను చెయ్యి.”

ఇంతమంది విన్నాక వినలేదనడానికి లేదు. ఆ ఇంటి పెద్దకోడలు తన నోటితో తన మీద వేసుకున్న రక్తాన్ని పక్కకు తోసి, ఊరందరి ముందు నర్సు కొడుకును చంపించడం నాయకుడు చేసే పని కాదు; నాయకుడు కావాలనుకుంటున్నవాడు అసలే చేయలేడు. నారాయణ జేబులోంచి ఫోను తీశాడు. అవతల ఎత్తినవాడితో రెండే మాటలన్నాడు.

“జీపును పోనీండి.”

అతను ఇంకేమైనా అంటాడేమోనని దయానందం చూశాడు. అనలేదు. ఫోను మడిచి జేబులో పెట్టుకున్నాడు. శుభాకర్ బతికాడు. ఆ సంగతి మనసుకు ఎక్కేలోపే నారాయణ తల తిప్పి, గేటు దగ్గరున్న మనుషులతో చాలా మామూలు గొంతుతో అన్నాడు:

“గేటు ఏయండప్పా.”

ఇనప రెక్కల్లో ఒకటి మూసుకుంది. దగ్గరున్నవాళ్లు యశోదమ్మ చుట్టూ ఖాళీ వదిలి వెనక్కి జరిగారు. అలా జరగడం ఎందుకో అక్కడ పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. షరీఫ్ మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

నారాయణ దయానందం దగ్గరికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. “సార్, మీకు కావల్సిన పిల్లోడు మీకు దొరికినాడు. ఇది మా ఇంటి సంగతి. మీరు ఆ చెంబు ఈడ పెట్టి పోండి. మీ జీపు దాకా ఎవురూ అడ్డం రారు. దానికి పూచీ నాది.”

రెండో రెక్క పట్టుకున్నవాడు అతని కోసం ఆగాడు. ఒక మనిషి పక్కకు తిరిగి నడిచిపోవడానికి చాలినంత సందు ఉంది. దాని అవతల రోడ్డు మీద తన జీపు ముందుభాగం, డ్రైవరు ఆవులిస్తూ స్టీరింగు మీద పెట్టుకున్న చెయ్యి కనిపిస్తున్నాయి. తన రివాల్వరులోని గుండ్లు ఈ వాకిట్లో మొదటి వరసకు కూడా చాలవు. ఆమె హంతకురాలు. ఎవరు నిర్దోషి కావాలని తాను కోరుకున్నాడో ఆ మనిషి క్షేమంగా ఉన్నాడు. ఈమె పక్షాన తనకు ఏ కోరికా లేదు.

దయానందం చెంబును చంకన పెట్టుకుని, జనం వదిలిన ఆ ఖాళీలోకి నడిచి, యశోదమ్మ పక్కన నిలబడ్డాడు.

“ఈమె ఇప్పుడు నా కస్టడీలో ఉంది,” అన్నాడు.

నారాయణ అతన్ని కొంతసేపు చూశాడు. తర్వాత గేటు వైపు చూసి తల ఊపాడు. రెండో రెక్క కదిలింది. గడియ పడింది.